ఆగలేడు, ఆగలేదు

నాయకుడుగారు ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క నిమిషం అన్నట్టు ఎడమ చేతి చూపుడు వేలు పైకెత్తి ఉంచారు. ఆయన ముందు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పక్కన పళ్ళెంలో కత్తెరతో మా మనవరాలు నిలబడి ఉంది. ఆ వేలు కిందికి దిగకముందే అది పళ్ళేన్ని చంకలో ఇరికించుకుని, కత్తెర తీసుకుని, రిబ్బన్ను సరిగ్గా మధ్యలో కత్తిరించింది.

రిబ్బను తెగగానే పూలు చల్లాలని నేర్పించి పెట్టిన పిల్లలు పూలు చల్లారు. చప్పట్లు కొట్టాలని నేర్పించిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు టకటకా ఫొటోలు తీశాడు. బడి కరస్పాండెంటు కూడా నాలుగు చప్పట్లు కొట్టాక అప్పుడు చూశాడు, కత్తిరించింది ఎవరో. నాయకుడుగారి వేలు ఇంకా పైకే ఉంది. ఫోన్లో ఎవరినో తిడుతున్నారు.

తల్లిదండ్రుల కోసం వేసిన కుర్చీల్లో రెండో వరసలో కూర్చుని నేనిదంతా చూశాను. తరవాత జరిగింది కూడా చూశాను. డ్రిల్లు మాస్టారు తెగిన రెండు కొసలూ కలిపి గట్టి ముడి వేశాడు. నాయకుడుగారు ఫోను జేబులో పెట్టుకుని ముడి పక్కన కత్తిరించారు. తెచ్చిన పూలు అయిపోయాయి కాబట్టి కింద పడ్డవాటినే ఏరించి మళ్ళీ చల్లించారు. మర్నాడు ఒక పత్రిక లోపలి పేజీలో ఆ ఫొటో వేసింది. నవ్వుతున్న నాయకుడు, నవ్వుతున్న కరస్పాండెంటు, ఇద్దరి మధ్యా వేలాడుతున్న ముడి. దాని కింద 'కంప్యూటర్ గదిని ప్రారంభిస్తున్న దృశ్యం' అని ఎప్పటి వాక్యమే. నేను పత్రికాఫీసు డెస్కులో పనిచేసినన్నాళ్ళూ అలాంటి వాక్యాలు లెక్కలేనన్ని దిద్దాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా దిద్దాను. అందులో నిజం ఎంత ఉందని చూడడం నా పని కాదు.

రిబ్బను తెగిన సాయంత్రమే బడి నుంచి ఫోను వచ్చింది. మేం చెప్పేదాకా పాపను పంపవద్దు, తల్లీతండ్రీ వచ్చి కమిటీ ముందు సమాధానం చెప్పాలి, ఆరో తరగతికి ఉంచుకోవాలా టీసీ ఇచ్చి పంపెయ్యాలా అన్నది ఆ తరవాత తేలుస్తాం అన్నారు. ప్రవర్తన బాగాలేదని టీసీ మీద రాసిస్తే అబిడ్స్‌లో గాని నాంపల్లిలో గాని ఏ బడీ ఆ పిల్లను గుమ్మం ఎక్కనివ్వదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు ఆ పళ్ళెం దాని చేతికి ఎందుకిచ్చారో చెప్పాలి. అది కుదురుగా ఉండదని బడిలో అందరికీ తెలుసు. చేతిలో ఏదో ఒకటి పెడితే చేతులు ఊరుకుంటాయని వాళ్ళ టీచరమ్మకు తోచింది. ఆ ఏదో ఒకటి కత్తెర అయింది. పొద్దున్నే రావలసిన నాయకుడు భోజనాల వేళకు వచ్చాడు. అప్పటిదాకా పిల్లలు ఎండలో నిలబడే ఉన్నారు. వచ్చినవాడు రిబ్బను ముందు నిలబడి ఫోనెత్తాడు. పెద్దవాళ్ళందరికీ కత్తెర లాక్కుని ఆయన నోటికి అడ్డం పెట్టాలని ఉన్నట్టు మొహాలు చెబుతూనే ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. కదలకపోవడాన్ని సభ్యత అంటారు.

ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను, ఎందుకమ్మా కత్తిరించావని. పాపం, అది ఏడవడం లేదు. గట్టిగా ఆలోచించింది.

"ఆగనీకి రాలే తాతా. గా అంకుల్ మస్తు సేపు మాట్లాడిండు."

మా నాన్న యాభై ఆరులో గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి నాంపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పటి నుంచి మేం ఇక్కడే ఉన్నాం, అయినా మా ఇంట్లో గుంటూరు మాటే నడుస్తుంది. మా అమ్మాయి పెళ్ళి చేసుకున్నతను నల్లగొండ వైపు రైతు కుటుంబం వాడు. గౌలిగూడలో లారీల స్పేర్‌పార్టుల దుకాణం నడుపుతాడు. మనవరాలు తండ్రి మాట పట్టుకుంది. "ఆగనీకి రాలే" అన్న దాని మాట నాకు చెవిలో ఉండిపోయింది. ఈత రాదు, సైకిలు తొక్కడం రాదు అంటామే, అలా అంది.

ఇది కొత్త సంగతి కాదు. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ కొనిపెడితే పక్క బల్ల మీద ఎవరో పెద్దావిడ కప్పులో చెంచా ముంచి రుచి చూసి, ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుని క్షమాపణ చెప్పిన పిల్ల. క్లాసులో ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. జవాబు తప్పుండదు, కాకపోతే అడగబోయిన ప్రశ్న వేరే ఉంటుంది. హోంవర్కుకు కూర్చుంటే పెన్సిలు చెక్కడం పూర్తయ్యేసరికి పెన్సిలు ఉండదు. అదే పిల్ల బొమ్మలు వేస్తూ కూర్చుంటే అన్నానికి పిలిచినా వినబడదు.

ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే సలహాలకు లోటుండదు. మా వైపు బంధువులు గారాబం అన్నారు. అల్లుడి వైపు వాళ్ళు భయం లేదన్నారు. తల్లి ఉద్యోగానికి వెళ్ళడం వల్ల అని రెండు వైపుల వాళ్ళూ ఒక్క మాట మీద నిలబడ్డారు. మా రెండు కుటుంబాలూ ఏకీభవించిన విషయం పెళ్ళయ్యాక ఇదొక్కటే. వీళ్ళలో ఒకాయన, నాకు తమ్ముడి వరస, పిల్లకు నిగ్రహం నేర్పాలని ఫోన్లో అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఉపన్యాసం పొడుగునా బండి హారన్ కొడుతూనే ఉన్నాడు. అబిడ్స్ చౌరస్తాలో ఉన్నాడట. అక్కడ ఎర్ర లైటు పడ్డాక ఎంతమంది ఆగుతారో నేను రోజూ చూస్తాను. ఆగినవాణ్ణి వెనకవాడు తిడతాడు. వీళ్ళలో ఎవరినీ వాళ్ళ తల్లిదండ్రులతో వచ్చి సమాధానం చెప్పమని ఎవరూ పిలవరు.

కమిటీ ముందుకు వెళ్ళేలోపు ఏదైనా కాగితం చేతిలో ఉంటే మంచిదని అల్లుడికి గౌలిగూడలో ఎవరో చెప్పారు. మెదడును మెషీన్ మీద చూసి పది నిమిషాల్లో చెప్పేస్తారని ఒక చోటు కూడా చెప్పారు. అది అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన ఉంది. గోడల నిండా మెదడు బొమ్మలు, ఒక్కో బొమ్మకూ ఒక్కో రంగు. టై కట్టుకున్న కుర్రాయన పిల్ల తలకు తీగల టోపీ పెట్టి, కదలొద్దన్నాడు. కదలకుండా ఉండలేదనే కదా తీసుకొచ్చాం. పరీక్ష అయ్యాక ఒక రంగుల బొమ్మ అచ్చు వేసి ఇచ్చాడు. నుదుటి వైపు భాగమంతా ఎర్రగా ఉంది. ఎరుపంటే ఏమిటని అడిగాను. ఓవర్ యాక్టివిటీ అంకుల్ అన్నాడు. వారం వారం వస్తే ఆ ఎరుపును ఆకుపచ్చ చేస్తామన్నాడు. పెద్దవాళ్ళకు కూడా చేస్తారట. నాకూ ఆ టోపీ పెట్టమన్నాను. నా తలలోనూ అదే చోట అదే ఎరుపు వచ్చింది.

అతను కొంచెం కూడా తడబడలేదు. "హెరిడిటరీ అంకుల్," అన్నాడు.

మనవరాలు గట్టిగా నవ్వింది. మెట్లు దిగుతూ అల్లుడు ఆ బొమ్మను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పారెయ్యమంటే పారెయ్యలేదు.

అసలు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలని పట్టుబట్టింది మా అమ్మాయి. నాంపల్లిలోనే ఒక పిల్లల మానసిక వైద్యురాలు ఉంది. ఆవిడ గదిలో టోపీలు గాని రంగుల బొమ్మలు గాని లేవు. చాలాసేపు మా అమ్మాయినీ అల్లుణ్ణీ పిల్ల చిన్నప్పటి సంగతులు అడిగింది. బడి నుంచి టీచర్లు పంపిన ఫిర్యాదులు చూసింది. ఈ పిల్లలో ఈ లక్షణాలు ఇంట్లో ఉన్నాయా, బడిలో ఉన్నాయా, రెండు చోట్లా ఉన్నాయా, ఎప్పటి నుంచి ఉన్నాయి, ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగింది. అల్లుడు జేబులోంచి నాలుగు మడతల బొమ్మ తీసి ఇస్తే దానివంక చూసి, పక్కన పెట్టింది. ఇలాంటి బొమ్మతో కుదురు లేని ఈ జబ్బు ఉందో లేదో తేల్చరని, కళ్ళు ఆర్పినా నుదురు చిట్లించినా కూడా ముందు వైపు రంగు మారిపోతుందని చెప్పింది. నా ఎరుపు సంగతి అప్పుడు తెలిసింది.

తరవాత పిల్లతో ఒక ఆట ఆడింది. పండు పేరు చెబితే చప్పట్లు కొట్టాలి. కూరగాయ పేరు చెబితే కొట్టకూడదు. మామిడి, జామ, అరటి, సీతాఫలం. పిల్ల ఉత్సాహంగా కొడుతోంది. డాక్టరు అదే గొంతుతో "వంకాయ" అంది. రెండు చేతులూ దగ్గరకు వచ్చేశాయి. అవి తగిలేలోపే పిల్ల నోరు "అది కాదు, అది కాదు" అంటోంది. చప్పుడు మాత్రం అయింది.

"చూశారా? రూల్ తెలుసు ఈమెకి. తప్పని కూడా తెలుసు. తెలిసేలోపు చెయ్యి వెళ్ళిపోతుంది," అంది డాక్టరు మా వైపు తిరిగి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మెదడులో నుదుటి వెనక ఉండే భాగం మిగతా భాగాలతో కలిసి, చెయ్యబోయే పనిని ఒక క్షణం పట్టి ఉంచుతుంది. ఎవరికైనా ఆ భాగం నెమ్మదిగానే ఎదుగుతుంది. ఇలాంటి పిల్లల్లో ఇంకా నెమ్మది. పిల్లకు బుద్ధి తక్కువ కాదు, తెలివి తక్కువ కాదు. ఆ క్షణం తక్కువ. మందులున్నాయి, అవి చాలామందికి పని చేస్తాయి. ఇంట్లోవాళ్ళు, టీచర్లు నేర్చుకోవలసినవీ ఉన్నాయి. ఆడపిల్లల్ని తన దగ్గరికి ఆలస్యంగా తెస్తారని, వచ్చేసరికి వాళ్ళకు పొగరని పేరు పడి ఉంటుందని కూడా చెప్పింది.

నాకు మా డెస్కు గుర్తొచ్చింది. రిపోర్టరు పరిగెత్తుకొచ్చి ఇచ్చిన వార్తను ఆపి చూసే మనిషి ఒకడుండేవాడు. వాడు ఆపినందుకు రిపోర్టర్లు తిట్టేవాళ్ళు, యజమాని చిరాకు పడేవాడు, మర్నాడు ఉదయం మాత్రం అందరూ బతికి ఉండేవాళ్ళు. ఇప్పటి టీవీ చానళ్ళు ఆ మనిషిని తీసేశాయి. బతికున్నవాణ్ణి చంపి నివాళి వేసి, గంట తరవాత నవ్వుకుంటూ బతికిస్తారు. వాళ్ళకు దీన్ని జబ్బని ఎవరూ చెప్పలేదు. వేగం అంటారు, అవార్డులు ఇచ్చుకుంటారు.

డాక్టరు ఇచ్చిన కాగితంతో బడికి వెళ్ళాం. కమిటీ అంటే నలుగురైదుగురు ఉంటారనుకున్నాం. కరస్పాండెంటు ఒక్కడే ఉన్నాడు. ఆయనదీ కోస్తావైపే. నన్ను మర్యాదగా పలకరించి, టీ తెప్పించి, తన మనవడి కబుర్లు మొదలుపెట్టాడు. మనవడు మొన్న ఆయన ఫోను తీసుకెళ్ళి చేపల తొట్టిలో వేశాడట.

"ఒక్క చోట కూర్చోలేడండీ. అసలు ఆగలేడు. బుర్రంతా చురుకే," అని మురిసిపోయాడు.

ఆ తరవాత మొహం మార్చాడు. మీ పాప సంగతి వేరన్నాడు. అతిథి ముందు సంస్థ పరువు తీసిందన్నాడు. కావాలని చేసిందా లేదా, అంతవరకు చెబితే చాలన్నాడు.

మా అల్లుడు దుకాణంలో మాట్లాడితే ఎదుటి లారీలో డ్రైవరుకు వినబడుతుంది. ఆ గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పాఠ్యపుస్తకంలోంచి చదువుతున్నట్టు ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు.

"కాదు సార్. రిబ్బను కనబడితే మా పాప ఆగలేదు సార్."

"నేనంటున్నదీ అదేనండీ. ఆగమని చెప్పాం. ఆగలేదు." కరస్పాండెంటు మా అమ్మాయి వైపు తిరిగాడు. "చూశారామ్మా, ఆయనే ఒప్పుకుంటున్నారు."

అల్లుడికి ఏం జరిగిందో అర్థం కాలేదు. నాకు అయింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు తెలుగు వాక్యాలు దిద్దినా ఆ రోజు వరకు నేను గమనించని సంగతి అది. మగపిల్లవాడైతే ఆగకపోతే ఆగలేదు అంటాం, ఆగడం చేతకాకపోతే ఆగలేడు అంటాం. రెండు వేరు వేరు మాటలు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే మాట అయిపోతాయి. ఆగకపోయినా ఆగలేదు, ఆగడం చేతకాకపోయినా ఆగలేదు. వినేవాడు తనకు కావలసిన అర్థం తీసుకోవచ్చు. కరస్పాండెంటు మనవడికి 'లేడు' ఉంది. మా మనవరాలికి లేదు.

ఆగలేకపోతుందని ఆయన ఉద్దేశమండీ, అన్నాను. కరస్పాండెంటు చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూసి నవ్వాడు.

"మీరు పేపరాయన కాబట్టి మాటలు పట్టుకుంటారు. ఏదైతేనేం, రిబ్బను తెగిందా లేదా?"

రెండుసార్లు తెగింది, రెండోసారి మీరే కట్టించారు అనబోయి, మా అమ్మాయి మొహం చూసి మానేశాను. ఆమె డాక్టరు కాగితాన్ని బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోకుండా మెడ సాచి చదివాడు. తరవాత తన వాదం వినిపించాడు. కావాలని చేసి ఉంటే క్రమశిక్షణ చర్య తప్పదు, అంటే టీసీ. కావాలని కాదు, మెదడులోనే లోపం అంటారా, అలాంటి పిల్లలకు వేరే బడులు ఉన్నాయి, అక్కడ చేర్పించండి, దానికీ టీసీ. ఈ వాదంలో ఎక్కడా పగులు లేదు. దీన్ని ఆయన ఎంతో శాంతంగా, వేలు పైకెత్తకుండా చెప్పాడు. గుమ్మం పైన గోడ మీద 'ప్రతి బిడ్డా ప్రత్యేకమే' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

మా అమ్మాయి ఒక్కటే అడిగింది. డాక్టరు చెప్పినట్టు మొదటి బెంచీలో కూర్చోబెట్టి, పని చిన్న చిన్న ముక్కలుగా ఇచ్చి, కొన్ని నెలలు చూడండి, అప్పటికీ కుదరకపోతే మేమే తీసుకుపోతాం అంది. ఆయన మేనేజ్‌మెంటుతో మాట్లాడి చెబుతామన్నాడు. మేనేజ్‌మెంటు అంటే ఆయనా, ఆయన భార్యా. అప్పటిదాకా పిల్ల సంవత్సరాంతపు పరీక్షలు విడిగా ఒక గదిలో కూర్చుని రాయవచ్చన్నాడు.

బయటికి వచ్చాక అల్లుడు స్కూటరు స్టాండు తీయబోయి ఆగాడు.

"ఇంట్ల అన్నట్టే అనాల్సి ఉండె మామా. దానికి ఆగనీకి రాదు అని. గట్ల మాట్లాడితే నవ్వుతరేమో అనుకున్న."

నవ్వేవాడే. అల్లుడి అనుమానం తప్పు కాదు. ఆ నవ్వును తయారుచేసింది మేమే. మా పత్రికల్లో ఏళ్ళ తరబడి అతని మాట కార్టూన్లకు, హాస్యం పేజీలకు మాత్రమే పనికొచ్చింది. వార్త అయితే మా జిల్లాల తెలుగులోకి దిద్దేవాళ్ళం. అలా దిద్ది దిద్ది, తన బిడ్డ గురించి చెప్పుకోవలసిన చోట కూడా తండ్రి తన మాట వదిలి మా మాట అరువు తెచ్చుకునేలా చేశాం. అతని మాటలో ఏ గందరగోళమూ లేదు. ఆగకపోతే 'ఆగలే' అంటారు. చేతకాకపోతే 'ఆగనీకి రాదు' అంటారు. అబ్బాయికైనా అమ్మాయికైనా అదే. పైగా రానిది నేర్పవచ్చు. డాక్టరు ఇంతసేపూ చెప్పింది కూడా అదే కదా, నేర్పాలి, సమయం పడుతుంది అని.

మందు మొదలుపెట్టారు. మొదట ఆకలి తగ్గింది, డాక్టరు మోతాదు మార్చింది. పరీక్షలు విడి గదిలో రాసింది. ఒక్కతే కూర్చోవడం బాగుందని, గోల లేదని వచ్చి చెప్పింది. శిక్ష వేశామనుకున్నవాళ్ళకు ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి.

సాయంత్రాలు ఇంట్లో చప్పట్ల ఆట ఆడతాం. పేర్లు చెప్పే పని నాది. బేగం బజారులో సామాన్లకు వెళ్ళినప్పుడు కూడా అది ఆడమంటుంది, అక్కడైతే చింతపండు పండా కాదా అన్న దగ్గర గొడవ వచ్చి ఆట ఆగిపోతుంది. ఈ మధ్య చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం తనంతట తనే కనిపెట్టింది. పండు పేరు వస్తే తీస్తుంది. నిన్న బీరకాయకు ఆగింది, సొరకాయకు ఆగింది. వంకాయకు ఇంకా చేతులు వెళ్ళిపోతూనే ఉన్నాయి. అందరం నవ్వాం, తనే ఎక్కువ నవ్వింది.

జూన్ వచ్చింది. ఆ వీధి మీదుగా వెళ్తే కంప్యూటర్ గది కిటికీలోంచి కనిపిస్తుంది, తాళం వేసి ఉంది. కంప్యూటర్లు ఇంకా రాలేదట. బడి గేటు దగ్గర ఆరో తరగతి పుస్తకాలు అమ్ముతున్నారు. మా అమ్మాయి రెండుసార్లు ఫోను చేసింది. మేనేజ్‌మెంటు నిర్ణయం కాగానే పిలుస్తామన్నారు.

బడి ఇంకా పిలవలేదు.